ఐదేండ్ల వయస్సులో పడిన దెబ్బ

వాక్యభాగము: 2 సమూయేలు 4:4, 9:1–13



ఈ మాసము కొంచెము కష్టమైన సంగతి వ్రాయుచున్నాను. కుటుంబ ప్రార్థనలో పిల్లల యెదుట చదువుటకు ముందు పెద్దలు ఒకసారి తమలో తాము చదువుకొనుడి.

మన ఊళ్ళలో డిగ్రీ ముగించిన పిల్లలు ఎక్కడికి వెళ్ళుచున్నారు? చాలామంది హైదరాబాదులోని అమీర్‌పేటకు. మైత్రివనం చుట్టుప్రక్కల కంప్యూటరు కోర్సులు, ఉద్యోగ పరీక్షల కోచింగులు. అక్కడ నుండి ఎస్.ఆర్.నగర్ వరకు, ఇటు పంజాగుట్ట వరకు సందుసందున హాస్టళ్ళు. ఒక్క గదిలో నలుగురైదుగురు. తండ్రి వడ్లు అమ్మిన డబ్బు, తల్లి డ్వాక్రా గ్రూపులో తీసిన అప్పు ఆ ఫీజులలో ఉన్నది. పిల్లలు ఆదివారము ఆరాధనకు వెళ్ళుచున్నారని విని మనము దేవుని స్తుతించుచున్నాము.

అయితే ఒక్కొక్క యింటికి రాత్రివేళ హాస్టలు నుండి ఫోను వచ్చును. "మీ అమ్మాయి చెయ్యి కోసుకుందండీ, వెంటనే బయల్దేరి రండి." మొదటి బస్సుకు తల్లిదండ్రులు పరుగెత్తుదురు. ప్రాణభయము లేదని తెలిసిన తరువాత మొదలగును అసలైన ప్రశ్న. మా పిల్లకు ఏమైనది?

ఇప్పుడు వర్ణింపబోవునది ఏ ఒక్క యింటి కథయు కాదు. కాపరులు, హాస్టలు స్నేహితులు పలుచోట్ల చూచునట్టి సంగతులే. ఆ అమ్మాయి తెలివైనది, పాట పాడును, అందరితో త్వరగా కలిసిపోవును. ప్రొద్దున గదిలోని స్నేహితురాలితో "అక్కా, నువ్వు మా అమ్మకన్నా ఎక్కువ" అనును. సాయంత్రము ఆ స్నేహితురాలు చెప్పకుండ వేరొకరితో భోజనమునకు వెళ్ళినదా, "నన్నొదిలేశావు, నీ మొహం చూడను" అని కంచము విసరివేయును. గంట గడువకమునుపే కాళ్ళు పట్టుకొని ఏడ్చును. తరువాత మౌనము. "లోపల ఏమీ లేదక్కా, అంతా ఖాళీ" అనును. ఆ ఖాళీని భరింపలేక తన శరీరమునే గాయపరచుకొనును. ఇదే బాధ మగపిల్లలలో త్రాగుడుగా, కొట్లాటలుగా, ప్రాణము లెక్కచేయక బండి నడుపుటగా కనబడవచ్చును.

ఇటువంటి బిడ్డనుగూర్చి మన ఊళ్ళలో నాలుగు తీర్పులు సిద్ధముగా ఉన్నవి. మొదటిది, దయ్యము పట్టినది. రెండవది, నాటకములు ఆడుచున్నది. మూడవది, ఏదో ప్రేమ వ్యవహారము. నాలుగవది, పెండ్లి చేస్తే అదే కుదురుకుంటుంది. ఈ నాల్గవ తీర్పువలన ఒక్కరికి బదులు రెండు కుటుంబములు కన్నీటిలో పడుచున్నవి.

ఆ రోగమునకు ఒక పేరున్నది

వైద్యులు ఇట్టి స్థితిని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అందురు. బోర్డర్‌లైన్ అనగా సరిహద్దు గీత. 1938లో న్యూయార్కులోని అడాల్ఫ్ స్టెర్న్ అను వైద్యుడు ఈ మాటను కొందరు రోగులనుగూర్చి వాడెను. సాధారణమైన మనోవ్యాకులత ఒకవైపు, పూర్తిగా మతి చలించుట ఒకవైపు ఉండగా, వీరు ఆ రెంటి నడుమ గీతమీద ఉన్నవారని ఆనాటి వైద్యుల తలంపు. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథములో ఇది ఒక రోగముగా చేర్చబడెను. నేడు ఆ పాత తలంపు నిలువలేదుగాని పేరు మాత్రము నిలిచిపోయెను.

దాని గురుతులు తొమ్మిది. విడిచిపెట్టబడుదునేమో అను విపరీతమైన భయము, నేడు దేవదూతగా, రేపు శత్రువుగా మనుష్యులను చూచుట, నేను ఎవరినో నాకే తెలియదను స్థితి, ముందు వెనుక చూడక చేయు హానికరమైన పనులు, తన్ను తాను గాయపరచుకొనుట లేక చనిపోవుదునని పలుమారు అనుట, గంటగంటకు మారు మనస్సు, తీరని శూన్యము, అదుపు లేని కోపము, మిక్కిలి ఒత్తిడిలో లోకమంతయు పగబట్టినదనిపించుట, లేక తాను తనలో లేనట్లుండుట. వీటిలో ఐదైనను చాలాకాలముగా నిలిచి జీవితమును పాడుచేయుచున్నయెడల వైద్యుడు ఆ పేరు పెట్టును. ఆ పేరు పెట్టవలసినది వైద్యుడు మాత్రమే. పాస్టరు కాదు, పిన్నమ్మ కాదు, పొరుగువారు కాదు. యౌవనకాలములో కోపము, కన్నీరు ఎవరికి రావు? ఈ పత్రిక చదివి మీ కోడలికి రోగము అంటగట్టవద్దని బ్రతిమాలుచున్నాను.

దాది చేతిలోనుండి పడిన బిడ్డ

ఇప్పుడు వాక్యమునకు వత్తము. సౌలును యోనాతానును యుద్ధములో మరణించిరను వార్త వచ్చినప్పుడు యోనాతాను కుమారుడైన మెఫీబోషెతుకు ఐదేండ్లు. దాది వానిని ఎత్తుకొని పారిపోయెను. ఆమె త్వరపడుచుండగా బిడ్డ క్రిందపడెను. ఆ పడుటవలన రెండు కాళ్ళు కుంటివాయెను.

ప్రియులారా, ఇక్కడ మూడు సంగతులు గమనించుడి. ఒకటి, ఆ దెబ్బ ఆ బిడ్డ చేసిన పాపమువలన కలిగినది కాదు. రెండు, వానిని పడవేసినది శత్రువు కాదు. ప్రేమించి, రక్షింపబోయిన చేయియే. మూడు, ఐదేండ్లప్పుడు ఒక్క క్షణములో జరిగినది పెద్దవాడైన తరువాత కూడ వాని ప్రతి అడుగులోను ఉన్నది.

కొందరి మనస్సు కూడ ఇట్లే బాల్యములో పడి విరుగును. కొందరిని పడవేసినది నిజముగా దుర్మార్గమైన చేయి. కొందరిని పడవేసినది అప్పులలో, కరువులో, తొందరలో ఉన్న ప్రేమగల చేయి. గోదావరి జిల్లాలనుండి, కడప ప్రాంతమునుండి తల్లులు కువైటుకు పనికి వెళ్ళినప్పుడు, పాలమూరునుండి తల్లిదండ్రులు వలస వెళ్ళినప్పుడు, బంధువుల యింట విడువబడిన బిడ్డలు ఎందరు! ఆ తల్లులను నిందించుటకు ఎవరికి నోరు వచ్చును? వారు బిడ్డలను బ్రతికించుటకే పరుగెత్తిరి. అయినను ఆ బిడ్డలలో కొందరికి లోపల దెబ్బ తగిలినది.

పరిశోధకులు కనుగొనిన సంగతులు

1989లో అమెరికాలో జూడిత్ హెర్మన్ అను వైద్యురాలు తన తోటివారితో కలిసి ఈ రోగులను బాల్యమునుగూర్చి ప్రశ్నించెను. నూటికి 81 మంది బాల్యములో తీవ్రమైన హింసను చెప్పిరి. నూటికి 71 మంది దెబ్బలు, 68 మంది లైంగిక హింస, 62 మంది ఇంటిలో కొట్లాటలు కన్నులారా చూచుట. అది చిన్న గుంపు. 1997లో మేరీ జనారిని అను ఆమె 358 మంది రోగులతో మాట్లాడినప్పుడు నూటికి 91 మంది ఏదో ఒక హింసను, 92 మంది పట్టించుకొనబడకపోవుటను చెప్పిరి. ఈ రెండవ అంకెను చూడుడి. కొట్టుట మాత్రమే గాయము కాదు. బిడ్డ ఉన్నాడో లేడో చూడకపోవుట కూడ గాయమే. 2020లో అనేక పరిశోధనలను కలిపి లెక్కించినప్పుడు, సాధారణ జనులకంటె ఈ రోగులు బాల్యపు కష్టములను చెప్పుట సుమారు 14 రెట్లు అధికముగా కనబడెను.

"అది అమెరికాలో, మన దేశంలో కాదులెండి" అని ఎవరైనను అనవచ్చును. 2007లో మన కేంద్ర ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలతో మాట్లాడించి ఒక నివేదిక ప్రచురించెను. ఆనాటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ముగ్గురిలో ఇద్దరు పిల్లలు దెబ్బలు తిన్నవారు. నూటికి 53 మంది ఏదో ఒక రూపములో లైంగికముగా వేధింపబడినవారు. ఆ పని చేసినవారిలో సగముమంది బిడ్డకు తెలిసినవారు, బిడ్డ నమ్మినవారు. ఇది మన గుమ్మము లోపలి సంగతి.

అయితే తూనికరాయి సరిగా పట్టుకొందము. హింస అనుభవించిన ప్రతి బిడ్డకు ఈ రోగము రాదు, చాలామందికి రాదు. ఈ రోగమున్న ప్రతివారును హింసింపబడినవారు కారు. 2019లో స్వీడన్ దేశములో కుటుంబముల లెక్కలు చూచి, ఈ రోగము వచ్చుటలో సుమారు సగము పాలు, అనగా నూటికి 46, పుట్టుకతో వచ్చు స్వభావమునకు చెందునని కనుగొనిరి. కొందరు పిల్లలు పుట్టుకతోనే పలుచని చర్మము గలవారివలె ఉందురు. ఇతరులకు గిల్లినట్లుండునది వారికి కాల్చినట్లుండును. అట్టి స్వభావమును, అర్థము చేసికొనని పెంపకమును ఒకచోట కలిసినప్పుడు అపాయము. కనుక బిడ్డకు ఈ రోగమున్నదని తెలిసిన వెంటనే "తల్లి పెంపకం" అని తల్లిమీద రాయి వేయవద్దు.

వంకరగా అతుకుకొనిన ఎముక

ఇది లోపల ఎట్లు జరుగునో చెప్పెదను. త్రాగి వచ్చు తండ్రి యింటిలో ఏడేండ్ల బిడ్డను తలంచుకొనుడి. రాత్రి తలుపు చప్పుడు కాగానే ఆ అడుగుల శబ్దమును బట్టి ఈ దినము దెబ్బలా, ముద్దులా అని తెలిసికొనుట నేర్చుకొనును. మెదడులో అపాయమును కనిపెట్టు గంట ఒకటి దేవుడు పెట్టెను. ప్రతిరాత్రి మ్రోగి మ్రోగి అది చిన్న గాలికే మ్రోగునదగును. ఇరువది ఏండ్ల తరువాత అమీర్‌పేట హాస్టలులో స్నేహితురాలు ఫోను ఎత్తకపోయినను అదే గంట అదే బలముతో మ్రోగును. మనకు కనబడునది ఫోను మాత్రమే. ఆమె లోపల వినుచున్నది ఆనాటి తలుపు చప్పుడు.

మరియొక సంగతి. అన్నము పెట్టిన చేయియు కొట్టిన చేయియు ఒక్కటే అయినప్పుడు బిడ్డ ఏమి చేయును? ఆ మనిషిని విడిచి బ్రతుకలేదు. ఆ మనిషియొద్ద నిర్భయముగా నిలువలేదు. మంచి నాన్న వేరు, చెడ్డ నాన్న వేరు అని మనస్సులో రెండు చేసికొనును. పెద్దయిన తరువాత కూడ ఒక్క మనిషిలో మంచియు చెడుయు కలిసి ఉండుననుట ఆమెకు కష్టమగును. అందుకే ప్రొద్దున దేవదూత, సాయంత్రము శత్రువు. దీనిపైన "ఏడిస్తే ఇంకా తంతా", "అంత మాత్రానికే ఏడుపా?" అని బాధకు మాటయైనను దొరకనియ్యని ఇల్లు. పేరు లేని బాధ గాయముగానే మాటలాడును.

పంజాగుట్టలోని నిమ్స్ మొదట నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి, అనగా ఎముకల ఆసుపత్రి. ఎముకల వైద్యులు చెప్పు సంగతి మన పల్లెలలోని కట్టు కట్టువారికి కూడ తెలియును. విరిగిన ఎముకను సరిచేయక విడిచినయెడల అది అతుకకుండ ఉండదు, వంకరగా అతుకుకొనును. ఆ బిడ్డ కోపము, భయము, పట్టుకొని వ్రేలాడుట, ఇవన్నియు వంకరగా అతుకుకొనిన ఎముకలే. ఒకనాడు ప్రాణము నిలుపుకొనుటకు నేర్చుకొనినవి నేడు నడువనియ్యకున్నవి.

కాలు విరిగినవానిని పంజాగుట్టకు తీసికొనిపోవుటకు మనకు సిగ్గు లేదు. సంఘములో ప్రార్థన మనవి కూడ చెప్పుదుము. మెట్రో వచ్చిన తరువాత పంజాగుట్టలో ఎక్కిన నాల్గవ స్టేషను ఎర్రగడ్డ. అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయము ఉన్నది. ఆ పేరు చెప్పుటకే మన నోరు రాదు. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అనుట మన భాషలో తిట్టయినది. నాలుగు స్టేషనుల దూరములో మనము ఒక రోగమునకు జాలిని, మరియొక రోగమునకు అవమానమును పంచుచున్నాము. కాలును చేసిన దేవుడే మనస్సును చేసెను కదా!

స్వస్థత ఉన్నదా?

ఉన్నది. నిశ్చయముగా ఉన్నది. ఒకప్పుడు ఇది తీరని రోగమని వైద్యులే విసిగిరి. పైన చెప్పిన జనారిని రోగులను ఏండ్ల తరబడి వెంబడించి చూచి 2010లో ప్రకటించినదేమనగా, పది సంవత్సరములలో నూటికి 93 మందిలో రోగ లక్షణములు తగ్గి కనీసము రెండేండ్లు అట్లే నిలిచినవి. అయితే లక్షణములు తగ్గుటతో పాటు మంచి పనిలోను మంచి స్నేహములలోను నిలువద్రొక్కుకొనినవారు సుమారు సగముమంది. అనగా జ్వరము తగ్గును గాని బలము వచ్చుటకు కాలము పట్టును.

ఈ రోగమునకు ప్రత్యేకమైన మాత్ర ఒకటి లేదు. దిగులుకు, నిద్రకు వైద్యుడు మందులు ఇయ్యవచ్చును. ముఖ్యమైన చికిత్స మాటలతో చేయునది. అందులో పేరుపొందినది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. దానిని మొదలుపెట్టిన మార్షా లైనెహాన్ చరిత్ర మన విశ్వాసులు తెలిసికొనదగినది. అమెరికాలో 1961లో, పదునేడేండ్ల వయస్సులో, తన్ను తాను గాయపరచుకొనుచున్నందున ఆమెను మానసిక వైద్యశాలలో చేర్చిరి. ఆనాటి వైద్యులు ఆమె రోగమునకు వేరొక పేరు పెట్టిరి. ఆమె రెండేండ్లకు పైగా అక్కడ ఉండెను. 1967లో షికాగోలో ఒక ప్రార్థనా మందిరములో మోకరించియున్నప్పుడు దేవుడు తన్ను ప్రేమించుచున్నాడను నిశ్చయము ఆమెకు కలిగెను. గమనించుడి, ఆ దినముతో ఆమె బాధ అంతయు పోలేదు. ఆమె చదువుకొని, మనస్తత్వ శాస్త్రవేత్త అయి, తనవంటివారికి త్రోవ వెదకెను. 1991లో ఆమె చికిత్స పొందిన స్త్రీలు తమ్మును తాము గాయపరచుకొనుట తగ్గినదని పరీక్షించి చూపెను. 2011లో, తాను రోగిగా ఉన్న ఆ వైద్యశాలలోనే నిలువబడి తన కథను అందరియెదుట చెప్పెను.

ఆ చికిత్సలో ఏమి నేర్పుదురు? నాలుగు పనులు. ఈ క్షణములో నిలిచి తన మనస్సును తాను చూచుకొనుట. తుపాను దాటువరకు హాని చేసికొనక ఓర్చుకొనుట. పొంగు మనస్సును అదుపుచేయుట. తెగగొట్టుకొనకుండ, తగ్గిపోకుండ ఇతరులతో మాటలాడుట. చిన్ననాట ఇంటిలో నేర్చుకొనవలసినవి ఇవి. అక్కడ నేర్వలేకపోయినవారు ఇప్పుడు నేర్చుకొందురు. ఇది ఒక్క దినము పని కాదు. తరచుగా ఒక సంవత్సరము పట్టును.

ప్రార్థన చేయవద్దా?

తప్పక చేయుడి. అయితే ప్రార్థనను వైద్యమునకు అడ్డుగోడ చేయకుడి. ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చచ్చిపోవుదునని కోరినప్పుడు దేవుడు మొదట ప్రసంగము చేయలేదు, గద్దింపలేదు. రొట్టె, నీళ్ళు, నిద్ర ఇచ్చెను. రెండవసారి కూడ లేపి తినమనెను. లూకా వైద్యుడని పౌలు ప్రేమతో వ్రాసెను.

మార్కు 5వ అధ్యాయములో సమాధులలో తన్ను రాళ్ళతో గాయపరచుకొనుచున్న మనిషిని చూచి కొందరు "చూశారా, దయ్యమే" అందురు. ఆ వచనముతో ప్రతి బిడ్డను కొలువకుడి. అందులో ఇంకొక సంగతి చూడుడి. గొలుసులు వేసినది ఊరివారు. ప్రభువు గొలుసు వేయలేదు. పేరు అడిగెను, తరువాత వానిని తన యింటివారియొద్దకు పంపెను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థతకని తెచ్చి గొలుసులతో కట్టియుంచిన 28 మంది మానసిక రోగులు పాకలకు నిప్పంటుకొనగా పరుగెత్తలేక మరణించిరి. ఇది ఫలాని మతమువారి తప్పని వ్రేలు చూపవద్దు. మన స్వస్థత కూటములలోను చేతులు కట్టుట, జుట్టు పట్టి కొట్టుట, బలవంతపు ఉపవాసము ఉన్నచోట్ల ఇదే పాపము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారని తలంచవలెను గాని శిక్షింపకూడదనియు చెప్పినది. కనుక "పోలీసు కేసవుతుంది" అని భయపడి ఆసుపత్రికి తీసికొనిపోక దాచవద్దు.

తామారును నోరు మూయించిన ఇల్లు

ఇక అన్నిటికంటె కష్టమైన మాట. 2 సమూయేలు 13వ అధ్యాయములో తామారు తన అన్నయైన అమ్నోనుచేత చెరచబడెను. అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను. తండ్రియైన దావీదు మిక్కిలి కోపపడెను; అయితే తన కుమార్తెకొరకు ఏమైనను చేసినట్లు వ్రాయబడలేదు. తామారు అన్న యింటిలో దిక్కులేనిదానివలె మిగిలిపోయెను. కోపపడుట న్యాయము చేయుట కాదు. రెండేండ్ల తరువాత ఆ యింటిలో రక్తము చిందెను. కప్పిపెట్టిన గాయము మానదు, కుళ్ళును.

ఒక బిడ్డ "మామయ్య ఇలా చేశాడు" అని తల్లితో చెప్పినప్పుడు, "ఎవరితో అనకు, పరువు పోతుంది" అన్న మాట రెండవ గాయము. అనేకమంది మొదటి గాయముకంటె దీనినే ఎక్కువ జ్ఞాపకముంచుకొందురు. నమ్మినవారు ఒక్కరున్నను బిడ్డ నిలద్రొక్కుకొనుటకు అది గొప్ప ఆధారము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పిల్లలమీద ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను, తెలుపకపోవుట నేరము. పాస్టరుకు మినహాయింపు లేదు. సంఘ పెద్దలు కూర్చుండి "క్షమించి సర్దుకొండి" అని రాజీ చేయుటకు వీలులేదు. చేసినవాడు సంఘ పెద్ద అయినను, కాపరి అయినను వీలులేదు. క్షమాపణ గాయపడినవారు దేవునియెదుట తమ సమయములో ఇయ్యవలసినది. మనము వారి నోరు మూయుటకు వాడు గుడ్డ కాదు. పిల్లలకొరకు 1098 నంబరు ఉన్నది. హైదరాబాదులో హింసింపబడిన స్త్రీలకు, పిల్లలకు పోలీసువారు 2016లో భరోసా కేంద్రమును తెరచిరి. వైద్యము, సలహా, కేసు పనులు ఒక్కచోటనే జరుగును.

మనము చేయదగిన పనులు

1. బిడ్డ తన్ను గాయపరచుకొనెనని ఫోను వచ్చినప్పుడు మొదటి మాట "ఎందుకు చేశావ్?" కాకూడదు. "వచ్చేశాం తల్లీ, నీ దగ్గరే ఉన్నాం" అనుడి. చనిపోవుదునన్న మాటను నాటకమని తోసివేయవద్దు. ఈ రోగములో ప్రాణములు పోవుట నిజము. ఒంటరిగా విడువక, హాని చేయు వస్తువులను, పురుగుల మందును అందకుండ దాచి, ఆసుపత్రికి తీసికొనిపోవుడి.

2. ఏ వేళనైనను 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ ఇది. తెలుగులో మాటలాడుదురు, డబ్బు తీసికొనరు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యునిగూర్చి అడుగుడి. పెద్ద వైద్యమునకు ఎర్రగడ్డ, విశాఖపట్నములోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ఉన్నవి.

3. బాధను ఒప్పుకొనుడి, హానిని ఒప్పుకొనవద్దు. "నీకు చాలా కష్టంగా ఉందని తెలుస్తోంది. కంచం విసరడం మాత్రం వద్దమ్మా" అనవచ్చును. ఈ రెండు మాటలు ఒకే నోట రావలెను. మొదటిది లేక రెండవది చెప్పిన అది గద్దింపగును; రెండవది లేక మొదటిది చెప్పిన అది బుజ్జగింపగును.

4. మాట ఇచ్చిన నిలుపుకొనుడి. ఆదివారము ఫోను చేసెదనన్న తండ్రి ఆదివారమే చేయవలెను. విడిచిపెట్టబడుదునను భయమునకు ప్రసంగములకంటె తప్పని ఫోను మంచి మందు.

5. పెండ్లిని మందుగా వాడవద్దు. దాచి పెండ్లి చేయుట ఆ బిడ్డకును, పొరుగింటి బిడ్డకును అన్యాయము.

6. ఇప్పుడు మీ ఒడిలో ఉన్న చిన్నవారిని చూచుకొనుడి. బెత్తమునుగూర్చిన సామెతలను కోపము తీర్చుకొనుటకు అనుమతిపత్రముగా చదువవద్దు. తండ్రులు పిల్లల మనస్సు క్రుంగునట్లు వారిని విసికింపకూడదని పౌలు కొలొస్సయులకు వ్రాసెను. ఒకవేళ కొట్టి బాధపెట్టినయెడల దగ్గరకు తీసికొని "తప్పు నాదమ్మా" అనుడి. పెద్దలు తప్పు ఒప్పుకొనిన ఇంటిలో బిడ్డ మనస్సు రెండుగా చీలదు.

రాజు బల్లయొద్ద

మెఫీబోషెతు పెద్దవాడై లోదెబారులో మాకీరు యింటిలో దాగియుండెను. తన్ను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. లోపలి గాయమున్నవారు తమ్మునుగూర్చి ఇట్లే మాటలాడుదురు. దావీదు వానిని వెదకి పిలిపించెను. నీ కాళ్ళు బాగైన తరువాత రమ్మనలేదు. వాని తాతగారి భూమిని తిరిగి యిచ్చి, రాజకుమారులతో సమానముగా తన బల్లయొద్ద భోజనమునకు కూర్చుండబెట్టెను. ఆ అధ్యాయపు చివరి మాట ఇంకను వాని కుంటి కాళ్ళనుగూర్చియే. బల్ల దొరికినది, కుంటితనము అక్కడనే ఉన్నది. రెండును ఒకేసారి సత్యము కావచ్చును.

మన సంఘముల బల్లలు ఎట్లున్నవి? చెయ్యికి కట్టుతో వచ్చిన అమ్మాయి ప్రక్కన కూర్చుండుటకు మన స్త్రీల సమాజములో ఎవరైనను జరిగి చోటిత్తురా, లేక గుసగుసలాడుదురా? ఆమె పాట పాడునదైతే పాడనిత్తుమా, "బాగైన తరువాత చూద్దాం" అందుమా? నలిగిన రెల్లును విరువని ప్రభువును మనము ఆరాధించుచున్నాము. ఆయన సంఘము విరిచినయెడల ఆ బిడ్డ మరి ఎక్కడికి పోవును?

కుటుంబములో ఆలోచించుటకు:

అ) మన ఇంటిలో బిడ్డ ఏడ్చినప్పుడు మనము సాధారణముగా అను మొదటి మాట ఏది?

ఆ) మన పిల్లలు భయము కలిగించు సంగతిని మనతో చెప్పగలరా? చెప్పిన నమ్ముదుమా?

ఇ) హాస్టలులో ఉన్న మన సంఘపు పిల్లలు ఎవరు? ఈ వారము వారికి ఎవరు ఫోను చేయుదురు?

విరిగిన హృదయము గలవారికి సమీపముగా ఉండు దేవుడు మీ గృహములను కాచి కాపాడును గాక. ఆమేన్.